అతుకుల్లో ఆకాశాన్ని కుట్టిన అమ్మ: హారియట్ పవర్స్



ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవితం చదువుకోవడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించారు. చాలా ఆలోచించి, మనలో ఎక్కువమంది పేరు కూడా విని ఉండని ఒక స్త్రీని ఎంచుకున్నాం. ఆమె అమెరికాలో బానిసగా పుట్టింది. జీవితాంతం కుట్టుపనితో, ఇంటిపనితో, సేద్యంతో బతికింది. ఆమె కుట్టిన రెండు బొంతలు ఈ రోజు అమెరికాలోని రెండు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. ఆమె పేరు హారియట్ పవర్స్.

బొంతలు కుట్టిన మనిషి మహనీయురాలు ఎలా అవుతుందని కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకునేవాళ్ళం. అందుకే ముందుగా మా సంగతి నాలుగు మాటల్లో చెప్పి అసలు విషయంలోకి వెళ్తాం.

ట్రంకు పెట్టెలో బొంత

ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన రోజు మా చేతిలో ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, అమ్మ కుట్టిన ఒక బొంత ఉన్నాయి. పాత నూలు చీరలు, నాన్న పంచెలు పొరలు పొరలుగా పరచి, పెద్ద సూదితో దగ్గర దగ్గరగా కుట్టిన బొంత అది. కొంతమంది పిల్లలు కొత్త దుప్పట్లు తెచ్చుకున్నారు. వాళ్ళ పక్కన మా బొంత పరవడానికి సిగ్గేసింది. దాన్ని మడిచి పెట్టె అడుగున దాచి, చలికి ముడుచుకుని పడుకున్నాం. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఏడ్చి గోల చేసి బజారు దుప్పటి కొనిపించుకున్నాం. ఆ బొంత తరువాత గది తుడిచే గుడ్డ అయింది. అది ఏమైందని అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు.

పి.జి.లో చేరాక, యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఒక బొంత ఫొటో కనిపించింది. గడులు గడులుగా మనుషులు, జంతువులు, చుక్కలు. కింద కుట్టినామె పేరు ఉంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఆ రోజు నుంచి ఆమె గురించి దొరికినదల్లా చదివాం. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

పత్తి చేల మధ్య పుట్టుక

హారియట్ 1837 అక్టోబరు 29న అమెరికా దక్షిణ ప్రాంతంలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ పట్టణానికి దగ్గరలో జన్మించింది. ఇది గ్రీసు దేశపు ఏథెన్స్ కాదు, అదే పేరు పెట్టుకున్న అమెరికా పట్టణం. చుట్టూ పత్తి చేలు. ఆ పత్తిని విత్తేది, కలుపు తీసేది, ఏరేది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ళ బిడ్డలు. యజమానికి పశువులు ఎలా ఆస్తో ఈ మనుషులూ అలాగే ఆస్తి. పుట్టిన క్షణం నుంచి హారియట్ మరొకరి సొత్తు.

అప్పటి జార్జియాలో బానిసలకు చదువు చెప్పడం నేరం. 1829లోనే అందుకు చట్టం చేశారు. చెప్పినవాడికి శిక్ష. మన తాతముత్తాతలను బడి గడప తొక్కనివ్వని రోజులు తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ చట్టం పుస్తకంలో రాసి ఆపారు, ఇక్కడ ఆచారం పేరు చెప్పి ఆపారు.

1855లో హారియట్‌కు ఆర్మ్‌స్టెడ్ పవర్స్‌తో పెళ్ళయింది. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిదేళ్ళ ప్రాంతం. బానిసల పెళ్ళికి చట్టంలో విలువ లేదు. యజమాని తలచుకుంటే భార్యను ఒకచోట, భర్తను ఒకచోట అమ్మేయవచ్చు. కన్న బిడ్డలు సైతం తల్లికి చెందరు. 1861లో అంతర్యుద్ధం మొదలై 1865లో ముగిసింది. ఆ ఏడాది చివర రాజ్యాంగ సవరణ ద్వారా అమెరికా అంతటా బానిసత్వం రద్దయింది. అప్పటికి హారియట్ వయసు ఇరవై ఎనిమిది.

స్వేచ్ఛ వచ్చింది గాని, దానితోపాటు భూమి రాలేదు, డబ్బు రాలేదు. అయినా ఆ దంపతులు కష్టపడి 1880ల నాటికి నాలుగు ఎకరాల పొలం సంపాదించుకున్నారు. బానిసగా పుట్టినవాళ్ళకు నాలుగు ఎకరాలంటే ఏమిటో భూమి లేని ఇళ్ళలో పుట్టిన మనకు విడమరచి చెప్పనవసరం లేదు.

దొరికిన బొంతల్లో మొదటిది

అమెరికాలో బొంతను క్విల్ట్ అంటారు. పైన ఒక గుడ్డ, మధ్యలో పలచగా పరచిన దూది, కింద ఒక గుడ్డ. మూడూ కదలకుండా కుట్లు వేస్తారు. మన బొంత కూడా పొరల పనే. పై గుడ్డ మీద రంగు గుడ్డలతో కత్తిరించిన బొమ్మలను అతికి కుట్టడం హారియట్ ప్రత్యేకత. ఆమె కొన్ని కుట్లు చేత్తో వేసింది, కొన్ని కుట్టు మిషను మీద వేసింది. పశ్చిమ ఆఫ్రికాలో ఒకప్పటి దహోమీ రాజ్యపు గుడ్డ బొమ్మలకు, ఈమె బొమ్మలకు దగ్గరి పోలిక ఉందని పరిశోధకులు రాశారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల భాష పోయింది, పేర్లు పోయాయి. చేతి పని మాత్రం తల్లి నుంచి బిడ్డకు ఎలాగో చేరి ఉంటుంది.

1886లో ఏథెన్స్‌లో పత్తి ఉత్సవం జరిగింది. అందులో హారియట్ తన బొంతను ప్రదర్శనకు పెట్టింది. మనకు దొరికిన ఆమె బొంతల్లో ఇదే పాతది. దీన్ని బైబిల్ బొంత అంటారు. సుమారు ఆరడుగుల వెడల్పు, ఏడడుగులకు పైగా పొడవు. మూడు వరసల్లో పదకొండు గడులు. పుచ్చకాయ గుజ్జు రంగు గుడ్డ మీద బొమ్మలు కుట్టింది. ఇప్పుడు ఆ రంగు వెలిసిపోయింది.

గడులన్నింటిలోనూ బైబిల్ కథలే. ఆదాము, హవ్వ తోటలో ఉంటారు, పక్కనే కాళ్ళున్న పాము. ఇంకో గడిలో కయీను తమ్ముణ్ణి చంపుతాడు. మరో చోట యాకోబు కల. చివరి విందు గడిలో శిష్యుల సంఖ్యను తగ్గించేసింది. అందరికీ తెల్లని చుక్కల గుడ్డ తొడిగి, గురువును అప్పగించిన యూదాకు మాత్రం మాసిన రంగు గుడ్డ తొడిగింది. ఎవడు ఎలాంటివాడో గుడ్డ రంగుతోనే చెప్పేసింది. చర్చిలో విన్న కథను ఎవరి అనుమతీ అడగకుండా తన పద్ధతిలో చెప్పుకుంది.

అయిదు డాలర్లు

ఆ ఉత్సవంలో బొంతను చూసిన వాళ్ళలో జెన్నీ స్మిత్ అనే శ్వేతజాతి చిత్రకారిణి ఉంది. ఆమె ఏథెన్స్‌లోని ఒక ఆడపిల్లల విద్యాలయంలో చిత్రకళ నేర్పేది. బొంతను చూసి ముగ్ధురాలై, కుట్టిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళింది. కొంటానంది. హారియట్ ఎంతకూ అమ్మనంది. ఈ సంగతి మేము చాలాసార్లు తలచుకున్నాం. తనే ఒకప్పుడు వెల కట్టి అమ్మగలిగిన వస్తువుగా బతికిన మనిషి, తన చేతి పనికి వెల లేదని చెప్పగలిగింది.

కాని రోజులు అలాగే ఉండవు. కొన్నేళ్ళకు ఇల్లు గడవడం కష్టమైంది. 1891 ప్రాంతంలో, బొంత అమ్మకానికి ఒప్పుకుని, ఎద్దు బండి మీద ఏథెన్స్‌కు బయలుదేరింది. బొంతను శుభ్రమైన పిండి సంచిలో పెట్టి, ఆ సంచిని మళ్ళీ గోనె సంచిలో చుట్టి, ఒడిలో పెట్టుకుని వచ్చింది. పది డాలర్లు అడిగింది. తన దగ్గర అయిదే ఉన్నాయని జెన్నీ స్మిత్ చెప్పింది. హారియట్ బయటికి వెళ్ళి భర్తతో మాట్లాడి వచ్చింది. కాలం బాగాలేదు కనుక ఇచ్చేయమన్నాడు అతను. అయిదు డాలర్లకు ఇచ్చేసింది.

ఇచ్చేసి ఊరికే వెళ్ళిపోలేదు. ఒక్కొక్క గడి దగ్గర ఆగి, ఇది ఇది అని అర్థం వివరించింది. జెన్నీ స్మిత్ అదంతా రాసి పెట్టుకుంది. తన దగ్గర మిగిలే గుడ్డ ముక్కలన్నీ దాచి ఇస్తానని మాట ఇచ్చి హారియట్‌ను కొంత ఊరడించింది. ఆ తరువాత కూడా హారియట్ చాలాసార్లు ఆ ఇంటికి వచ్చి, అత్తవారింటికి పంపిన కూతుర్ని చూసుకున్నట్లు తన బొంతను చూసుకుని వెళ్ళింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రోజు హారియట్ నోరు విప్పి చెప్పకపోయినా, విన్నామె రాసి పెట్టకపోయినా, ఈ రోజు ఆ బొంతలో సగం బొమ్మలకు అర్థం తెలిసేది కాదు. బొంత మిగిలినా దాని మాట పోయేది.

చివరి బొంత

1895లో అట్లాంటా నగరంలో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. బైబిల్ బొంతను అక్కడ కూడా ప్రదర్శించారు. ఆ తరువాత మూడేళ్ళకు, 1898లో, అట్లాంటా విశ్వవిద్యాలయ అధ్యాపకుల కుటుంబాల స్త్రీలు హారియట్ కుట్టిన మరో బొంతను న్యూయార్క్‌కు చెందిన ఒక మతాచార్యుడికి కానుకగా ఇచ్చారు. స్వేచ్ఛ పొందిన నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయం అది. మనకు దొరికిన బొంతల్లో ఇదే చివరిది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పన్నెండేళ్ళలో ఆ మనిషి ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. మొదటి దాంట్లో పదకొండు గడులు, రెండవ దాంట్లో పదిహేను. మొదటిది పూర్తిగా బైబిల్. రెండవ దాంట్లో పది గడులు బైబిల్, మిగిలిన అయిదు గడులు తన నేల మీద, తన ఆకాశంలో జరిగినవని తను విన్నవి, చూసినవి.

ఒక గడిలో 1780 మే నెలలో పట్టపగలే చీకటి కమ్మిన రోజు ఉంది. అది అమెరికా ఈశాన్య ప్రాంతంలో నిజంగా జరిగింది. అడవులు తగలబడి లేచిన పొగ వల్ల అలా చీకటి పడిందని ఇప్పుడు చెబుతారు. ఇంకో గడిలో 1833 నవంబరు 13 రాత్రి కురిసిన ఉల్కల వాన. ఆకాశం నుంచి చుక్కలన్నీ రాలిపోతున్నాయని, లోకం ముగిసిపోయిందని జనం భయపడిన రాత్రి అది. అప్పటికి హారియట్ పుట్టనే లేదు. ఆ రాత్రి జరిగి నాలుగేళ్ళయ్యాక పుట్టిన పిల్ల, పెద్దవాళ్ళ నోట విని, అరవయ్యేళ్ళ తరువాత సూదితో గుర్తు పెట్టింది. మరో గడిలో 1846లో జనాన్ని భయపెట్టిన ఎర్రని వెలుగు రాత్రి.

ఒక గడిలో మాత్రం తను బతికిన రోజే ఉంది. 1895 ఫిబ్రవరిలో జార్జియాను గడ్డకట్టించిన చలి అది. ప్రార్థన చేస్తూనే బిగుసుకుపోయిన స్త్రీ, సారా కూజా దగ్గర గడ్డకట్టిన మగవాడు, కంచర గాడిద ముక్కు దగ్గర వేలాడే మంచు. పేదవాడికి చలి అంటే ఏమిటో చలికి కప్పుకునే బొంత మీదే రాసింది.

అన్నిటికన్నా మాకు నచ్చింది ఒక పంది. దాని పేరు బెట్స్. జార్జియా నుంచి వర్జీనియాకు అయిదు వందల మైళ్ళు పరుగెత్తిన స్వతంత్రపు పంది అని హారియట్ దాన్ని పరిచయం చేసింది. జార్జియా నుంచి వర్జీనియా ఉత్తరాన ఉంది. పారిపోయిన బానిసల్లో చాలామంది ఉత్తర దిక్కుకు వెళ్ళేవారు. అందుకే ఈ పంది కథలో పారిపోయిన మనుషుల కథ దాగి ఉందని కొందరు పరిశోధకులు అంటారు. ఆ గడిలోనే దేవుని గురించి ఏమీ నేర్పించని ధనవంతుల పిల్లలకు పడిన శిక్ష కూడా ఉంది. మొదటి బొంతలో గ్రంథంలోని న్యాయం చెప్పిన స్త్రీ, చివరి బొంతలో లోకంలోని న్యాయం గురించి కూడా మాట్లాడింది.

అయితే బొంత పెరిగినంతగా బతుకు పెరగలేదు. 1890లలో ఆ కుటుంబం భూమిని కొంత కొంతగా పోగొట్టుకుంది. భర్త ఆమెను వదిలి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కుట్టుపనితో బతికింది. ఆ రోజుల్లో తీసిన ఆమె ఫొటో ఒకటి మిగిలింది. అందులో ఆమె నడుముకు కట్టుకున్న ఏప్రాన్ మీద కూడా అతికి కుట్టిన బొమ్మలున్నాయి. 1910 జనవరి 1న డెబ్బై రెండేళ్ళ వయసులో కన్ను మూసింది. ఏథెన్స్‌లోని నల్లజాతి వారి శ్మశానంలో ఆమెను పూడ్చారు. ఆ సమాధి ఎక్కడుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2005లో గాని దాన్ని గుర్తించలేదు.

ఆలస్యంగా దొరికిన ఉత్తరం

బైబిల్ బొంత జెన్నీ స్మిత్ దగ్గరే ఉండి, ఆమె మరణం తరువాత చేతులు మారి 1960ల చివర్లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంకు చేరింది. రెండవది 1964లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంకు చేరింది. పుస్తకాల్లో ఆమె గురించి రాయడం మొదలైంది. అంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే ఆమె చదువు రాని స్త్రీ అని రాశారు. బానిసగా పుట్టింది, పైగా బొంతలు కుట్టింది, ఇక చదువు ఎక్కడిది అనుకున్నారు.

కైరా హిక్స్ అనే పరిశోధకురాలు అలా అనుకుని ఊరుకోలేదు. ఆమె వెతగ్గా వెతగ్గా, 1896లో హారియట్ అయోవా రాష్ట్రంలోని ఒక మహిళకు రాసిన ఉత్తరం నకలు దొరికింది. 2009లో ఆమె దాన్ని తన పుస్తకంలో ప్రకటించింది. ఆ ఉత్తరం ప్రకారం హారియట్ చిన్నతనంలో తెల్లవాళ్ళ పిల్లల దగ్గర అక్షరాలు పట్టుకుంది. ఆ తరువాత సొంతంగా చదువుకుంది. చట్టం వద్దన్న చదువును దొంగచాటుగా దక్కించుకుంది. తను కుట్టిన బొంతల్లో కనీసం నాలుగింటి గురించి చెప్పింది. వేల కొద్దీ చిన్న చిన్న గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన బొంత కూడా వాటిలో ఉంది.

అంటే మనం మొదటిది అనుకుంటున్న బైబిల్ బొంత ఆమెకు మొదటిది కానే కాదు. దానికన్నా ముందు కుట్టినవి ఉన్నాయి. అవి ఎవరు కప్పుకున్నారో, ఎక్కడ చిరిగిపోయాయో తెలియదు. దాదాపు అరవయ్యేళ్ళ వయసులో ఆమె తన పాత పనినీ కొత్త పనినీ వెనక్కి తిరిగి చూసుకుని, స్వయంగా లెక్క చెప్పింది. ఆ లెక్క లోకానికి చేరడానికి నూరేళ్ళు దాటింది. అంతకాలమూ చదువుకున్న లోకం ఆమెను చదువు రానిదిగానే చూసింది.

2021లో బోస్టన్ మ్యూజియంలో ఆ రెండు బొంతలనూ మొట్టమొదటిసారిగా ఒకేచోట ప్రదర్శించారు. అయిదు డాలర్లకు అమ్ముడుపోయిన బిడ్డ, కానుకగా వెళ్ళిన బిడ్డ అన్నేళ్ళకు ఒకరినొకరు చూసుకున్నట్లయింది.

మన ఇళ్ళ బొంతలు

హారియట్ ఉత్తరం గురించి చదివిన రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేశాం. అమ్మను మొదటిసారిగా ఆమె బొంతల గురించి అడిగాం. ఇదేం ప్రశ్న అని ముందు నవ్వింది. తరువాత గంటసేపు చెప్పింది. తను మొదట కుట్టిన బొంత పెళ్ళయిన ఏడాది, పత్తి ఏరే కూలికి వెళ్ళి వచ్చి రాత్రిళ్ళు కిరసనాయిలు బుడ్డి వెలుగులో కుట్టిందట. కుట్లు వంకర పోయాయని నాయనమ్మ రెండుసార్లు విప్పించిందట. ఈ మధ్య కుట్టింది మా అక్క కూతురికి. కళ్ళు సరిగా కనబడక సూదిలో దారం ఆ మనవరాలే ఎక్కించిందట.

మేము హాస్టల్లో దాచిన బొంతలో తన పెళ్ళి చీర ఉందని కూడా అప్పుడే తెలిసింది. మేము పారేసిన సంగతి చెప్పి క్షమించమని అడిగాం. అది ఎప్పుడో తెలుసని, పిల్లలకు చలి పెట్టకపోతే చాలనుకున్నానని చెప్పింది. మాకు నోట మాట రాలేదు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనుషులం మేమే. మీలో చాలామంది కూడా మీ ఇళ్ళలో అలాంటి మొదటివారే. ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషికి ఒక బాధ్యత ఉంటుందని హారియట్ జీవితం మాకు నేర్పింది. ఆమె మాట వినడానికి ఒకరు, రాయడానికి ఒకరు, ఆ ఉత్తరం వెతకడానికి ఒకరు దొరికారు. మన అమ్మల మాట వినేవాళ్ళు, రాసేవాళ్ళు ఎవరో వస్తారని ఎదురుచూడనక్కర్లేదు. ఆ పని మనకు వచ్చు.

అందుకే ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. అమ్మనో, అమ్మమ్మనో, నాయనమ్మనో మొదటి బొంత ఎప్పుడు కుట్టారో, చివరి బొంత ఎవరికి కుట్టారో అడగండి. ఏ ముక్క ఎవరి చీరో రాసుకోండి. బొంతే కానవసరం లేదు, బుట్ట అయినా సరే, చాప అయినా సరే, చెప్పు అయినా సరే. పేరు, ఊరు, ఏడాది వేసి రాయండి. వచ్చే ఏటి సంచికకు అవి పంపితే ఇలాంటి పేజీలు మన ఇళ్ళ మనుషులతోనే నిండుతాయి.

ఇక హాస్టల్లో కొత్తగా చేరిన చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ పెట్టెలో బొంత ఉంటే బయటికి తీసి పరచుకోండి. ఎవరైనా నవ్వితే హారియట్ పవర్స్ కథ చెప్పండి.